జయపాల్ కడుపునొప్పి

ఆ మంగళవారం జయపాల్ వేసుకున్న పథకం చిన్నదే. ఆలూరులో ఆరు గంటల బస్సెక్కాలి, కర్నూలు ఆసుపత్రిలో ఒక పరీక్ష చేయించుకోవాలి, చీకటి పడకముందే ఇల్లు చేరాలి. భార్య కృపమణికి తప్ప ఎవరికీ తెలియకూడదు. పెళ్లయి ఆరేళ్లయింది, పిల్లలు లేరు. కృపమణికి మూడుసార్లు పరీక్షలు చేసి ఏ లోపమూ లేదన్నారు. "ఈసారి మీ ఆయన్ను పిల్చుకొని రామ్మా" అని డాక్టరమ్మ చెప్పిన నాలుగు నెలలకు అతడు ఒప్పుకున్నాడు.

గడపలోనే తల్లి అడ్డుపడింది.

"యాడికప్పా, తెల్లారకముందే?"

"కడుపు నొస్తాందమ్మా. కర్నూల్లో చూపించుకొనొస్తా."

వాళ్ల సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఎవరు ఆసుపత్రికి బయలుదేరినా ప్రార్థన చేయకుండా పంపరు. జయపాల్ చెప్పులు తొడుక్కునేలోగా తల్లి పోయి పాస్టరు దావీదురాజు తలుపు కొట్టింది. ఆయన వచ్చి, జయపాల్ నెత్తిన నూనె రాసి పావుగంట ప్రార్థించాడు. ఆ పావుగంటలో వీధంతా మేలుకుంది. బస్సు కదిలేసరికి అందులో భార్యాభర్తలతో పాటు తల్లి, పాస్టరు, ఆయన భార్య ప్రేమజ్యోతి, స్త్రీల సమాజం నుంచి ఐదుగురు కూర్చుని ఉన్నారు.

"మీరెందుకు అయ్యగారూ, చిన్న నొప్పే," అన్నాడు జయపాల్.

"చిన్న నొప్పికి కర్నూలు దాకా ఎవరు పోతారప్పా," అన్నాడు దావీదురాజు.

ఆ మాట బస్సంతా తిరిగింది. దేవనకొండ దగ్గర కడుపునొప్పి కిడ్నీలో రాయి అయింది. కోడుమూరు దాటేసరికి రాయి పోయి కిడ్నీయే చెడిపోయింది. సమాజంలో అందరికన్నా పెద్దామె స్తుతి తన కిడ్నీ ఒకటి ఇస్తానంది.

"నీకు షుగరుండాది, నీదెవరికి కావల్ల," అంది పక్కనున్నామె.

జయపాల్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఇవాళ వెనక్కి తిరిగితే అతడు మళ్లీ రాడని కృపమణికి తెలుసు. అందుకే ఆ కిడ్నీ కథను ఆమె సరిదిద్దలేదు.

ఆసుపత్రిలో ల్యాబు అమ్మాయి అతనికి మూత ఉన్న చిన్న డబ్బా ఇచ్చి, వరండా చివరి గది చూపించింది. డబ్బా చూడగానే అది మూత్ర పరీక్షే అని తల్లి తేల్చేసింది. దగ్గరుండి రెండు సీసాల నీళ్లు తాగించింది.

గది తలుపు మూసుకుంది. పది నిమిషాలైంది. ఇరవై అయింది.

"ఒంటికి పోయేదానికి ఇంతసేపా," అంది తల్లి. "ఎంత బాధపడతాండాడో బిడ్డ."

అది విని ఐదుగురూ తలుపు ముందు మోకరించి పాట ఎత్తుకున్నారు. రెండో చరణం అయ్యాక దావీదురాజు తలుపు తట్టాడు.

"జయపాలూ, లోపల బాగుండావా?"

"బాగుండా అయ్యగారూ," అని నీరసంగా జవాబొచ్చింది. "మీరు పాడకుంటే ఇంకా బాగుంటా."

నర్సు వచ్చి అందరినీ మెట్ల దగ్గరికి తోలేశాక, మరో అరగంటకు డబ్బా ల్యాబుకు చేరింది.

మధ్యాహ్నం రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ భార్యాభర్తలను లోపలికి పిలిచి నిదానంగా చెప్పింది. వీర్యకణాలు మిల్లీలీటరుకు కనీసం కోటిన్నర ఉండాలి, ఇతనికి ముప్పై లక్షలే ఉన్నాయి. బొరుగులు వేయించే బట్టీలో పొద్దంతా సెగకు నిలబడి పనిచేయడం, గుట్కా, రెండూ కారణం కావచ్చు. కొత్త కణాలు తయారు కావడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. జాగ్రత్తగా ఉండి మందులు వాడితే పెరగవచ్చు, అప్పుడు మళ్లీ చూద్దాం అంది.

"దీనికీ మగతనానికీ సంబంధం లేదు. తల దించుకోవద్దు," అని కూడా అంది.

బయట మెట్ల మీద తల్లి ఏడుస్తోంది. "పిల్లల్లేని దిగులే నా కొడుకును తినేసింది. ఈ గొడ్డుదాన్ని చేసుకున్నందుకు ఇంత పనైంది."

కృపమణి అలవాటైన మాటే అన్నట్టు నేల చూసింది.

జయపాల్‌కు అబద్ధం చెప్పే ఓపిక కూడా మిగల్లేదు. మెట్టు మీద కూలబడ్డాడు.

"నా కిడ్నీలు బాగుండాయమ్మా. నేనొచ్చింది పిల్లల కోసం పరీక్షకు. ఆమెలో ఏ లోపమూ లేదు, నాలోనే ఉండాది. వీర్యకణాలు ముప్పై లక్షలే ఉండాయంట."

ముందుగా స్తుతి నోరు తెరిచింది.

"ముప్పై లక్షలు తక్కువంటారేందప్పా? ఒక్క బిడ్డకు?"

తల్లి కొంగుతో ముఖం తుడుచుకుంది. కోడలి కళ్లలోకి చూడలేకపోయింది. "పొద్దున్నుంచి ఏమీ తినలేదు గదమ్మా, రా," అని కోడలి చేతిలోని సంచి తాను అందుకుంది.

తిరుగు బస్సులో ఎవరూ పాడలేదు. ప్రేమజ్యోతి వచ్చి కృపమణి పక్కన కూర్చుంది. ఆ డాక్టరమ్మ ఏయే రోజుల్లో ఉంటుందని అడిగింది.

"మాకు పెళ్లయి పదకొండేళ్లు," అంది మెల్లగా. "అయ్యగారు నాతోనే ఉపవాసాలు చేయిస్తాండారు."

ముందు సీట్లో నిద్రపోతున్న దావీదురాజు, కృపమణి ఆ వివరాలు చెబుతున్నంతసేపూ గురక ఆపాడు.