నిమ్మకాయ రాలేలోపే

మా ఇంట్లో ఉన్నది ఒక్కటే లాప్‌టాప్. మా ఆవిడ సాహిరా తను కుట్టే బ్లౌజుల డిజైన్ల కోసం కొన్నది. దాన్ని ఎలాగైనా నా చేతికి తెచ్చుకోవాలని, వీడియో పాఠాలు పెట్టుకుని, పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని గేమ్ తయారు చేస్తానని ప్రకటించాను. పైనుంచి నిమ్మకాయలు రాలతాయి, కింద బుట్టతో పట్టాలి. గూడూరులో నిమ్మకాయల కొట్టు నడిపేవాడికి ఇంకేం తోస్తుంది చెప్పండి?

"ఆదివారం మా నాయన అన్నానికొస్తాడు. ఆయన తిని లేచేలోపల గేమ్ ఆడితే లాప్‌టాప్ మీది. లేకుంటే నాది. శుక్రవారం బిర్యానీ కూడా మీదే" అంది సాహిరా.

"తినడమా?"

"వండడం."

ఆదివారం పొద్దున రన్ నొక్కాను. విండో వచ్చింది, రెప్ప వేసేలోపే పోయింది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ అంతే. కరెంటు చాలడం లేదేమోనని ఫ్రిజ్ ఆపాను. ఫోన్‌లో స్లోమోషన్ వీడియో తీశాను. అందులో ఒక నిమ్మకాయ, ఒక బుట్ట, తెర మీద నా వెర్రిమొహం స్పష్టంగా ఉన్నాయి. తప్పు మాత్రం కనిపించలేదు.

"ఫ్రిజ్ ఎందుకు ఆపినారు?"

"గేమ్‌కి కరెంటు చాలడంలా."

"లాప్‌టాప్‌కు బ్యాటరీ ఉండాది గదండీ!"

వెళ్ళి ఫ్రిజ్ వేశాను.

మధ్యాహ్నం మా మామ మీరావలి వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు. నిమ్మకాయల మార్కెట్లో ముప్పై ఏళ్ళు వేలం పాడించిన గొంతు ఆయనది. మెల్లగా మాట్లాడినా పక్క వీధికి వినిపిస్తుంది.

"ఏందయ్యా షాహుల్, గేమ్ అంటివే, చూపియ్!"

"రెప్ప వేయొద్దు మామా" అని నొక్కాను.

"యాడ?"

"అయిపోయింది మామా."

సాహిరా కూర గిన్నె కింద పెట్టింది. "నాయనా, వేలంలో రేటు ఒక్కసారి చెప్పి లేచిపోతావా?"

"ఎట్ట పోతానమ్మా? పై పాట ఆగేదాకా అడగతానే ఉంటా."

"ఈయన బొమ్మను ఒక్కసారి గీసి వదిలేసినాడు. అదీ లేచిపోయింది. మూసేదాకా గీస్తానే ఉండమని లూప్ రాయాల."

"నీకెట్ట తెలుసు?" అన్నాను.

"ఆ పాఠం మీరు దాటేసి పోయినారు. నేను కుట్టుకుంటా మొత్తం విన్నా."

వచ్చి ఒక లైను కొట్టింది. కింది లైన్లను కాస్త లోపలికి జరిపింది. మూసే గుర్తు నొక్కితేనే ఆగమని ఇంకో లైను కలిపింది. రన్ నొక్కింది. విండో నిలబడింది! నిమ్మకాయలు రాలాయి! మామ కుడిచెయ్యి అన్నంలో పెట్టుకుని ఎడమచేత్తో బుట్ట జరపసాగాడు.

నాకు ఆనందం ఆగలేదు. "ఆడింది! మామ ఇంకా తింటున్నాడు! లాప్‌టాప్ నాది!"

"నాయనా, న్యాయం నువ్వే చెప్పు" అంది సాహిరా.

మామ తెర మీంచి కళ్ళు తిప్పలేదు. "ముందు పాడినోడికి సరుకిస్తారంటయ్యా? చివరి పాట ఎవురిదో వాళ్ళకే. సాహిరా పాట! ఒకటోసారీ... రెండోసారీ..."

నేను నోరు తెరిచేలోపే "మూడోసారి!" అనేశాడు. పక్క వీధి వాళ్ళు కూడా విన్నారు.

ఈరోజు శుక్రవారం. మీకిదంతా ఉల్లిపాయలు తరుగుతూనే చెబుతున్నాను. ఈ కన్నీళ్ళు వాటివే.