సోములమ్మ వయసు తగ్గింపు

అరకు లోయలో ముసలితనాన్ని 2004 నుంచి దశలవారీగా రద్దు చేస్తున్నారు. ఈ బాధ్యత వార్ధక్య నియంత్రణాధికారి జగన్నాథరావు గారిది. ఆ ఏడాదే ఆయన ఒక సంతరోజు జీపు దిగి, అరవై దాటినవాళ్లందరికీ యాంటీఆక్సిడెంట్ మాత్రల డబ్బాలు పంచారు. అవి ఒంట్లో తుప్పు ఆపి, ఓపిక పెంచి, వయసును వెనక్కి నడుపుతాయని డబ్బా మీదే రాసి ఉంది కాబట్టి వేరే రుజువు అవసరం పడలేదు. (నాకూ ఒకటి ఇచ్చారు. మా ఆవిడ ఉంటే మాత్రలు పారబోసి అందులో ఆవాలు పోసుకునేది.)

మూడు నెలలకు ఫలితాల పరిశీలన జరిగింది. మా పక్కింటి సోములమ్మకు కుర్చీ వేశారు. ఆఫీసులో ఆమెకు కుర్చీ దొరకడం అదే మొదలు. ఆ మేరకు మాత్రలు పనిచేశాయనే చెప్పాలి.

"ఓపిక వచ్చిందా?"

"వచ్చింది బాబూ."

"మోకాళ్ల నొప్పులు?"

"పోనాయి బాబూ."

"ఎన్నేళ్లు తగ్గినట్టుంది?"

"నాకేటి తెలుసు, మీరే సెప్పండి."

ఆయన ఆమెను తేరిపార చూసి పన్నెండేళ్లు తగ్గించారు. (కొండమీద పుట్టినతేదీలు ఉండవు. మొదట అరవై ఐదు వేసిందీ అలా చూసే.)

"నిజంగా తగ్గాయా నొప్పులు?" అని బయట అడిగాను.

"ఏటి మేస్టారూ! మింగితే కదా? సూరులో ఎట్టినాను. అంత దూరం నుంచి వచ్చి సేతిలో ఎట్టినోడికి బాగోనేదని సెప్తామేటి? సిన్నబుచ్చుకోడా?"

మరుసటి నెల ఆమె వృద్ధాప్య పింఛను ఆగింది. యాభైమూడేళ్ల మనిషికి అది ఇవ్వడం నిబంధనలకు విరుద్ధం. పిల్లలు మలేరియాకు పోయాక ఆమె ఇంట గంజి కాగేది ఆ పింఛనుతోనే.

మళ్లీ వెళ్లాం.

"నాను ముసల్దాన్నే బాబూ! బొర్రా రైలు లైనేసినప్పుడే ఇద్దరు పిల్లల తల్లిని."

ఆ లైను వేసి నలభై ఏళ్లయింది. కొత్త వయసు ప్రకారం అప్పుడామెకు పదమూడేళ్లు. బాల్యవివాహం కేసు కాకుండా జగన్నాథరావు గారు ఆ మాట విననట్టే ఊరుకున్నారు.

"తగ్గిన వయసు పెంచే అధికారం నాకు లేదమ్మా. రోజుకొక రోజు చొప్పున అదే పెరుగుతుంది." (చెడ్డమనిషి కాదు. టీ తెప్పించి, ఆమె గ్లాసులో పంచదార ఇంకో చెంచా తనే కలిపారు.)

ఇప్పుడు సోములమ్మ తెల్లారకముందే కొండెక్కి, కట్టెలమోపు నెత్తిన పెట్టుకుని దిగుతోంది. మొన్న జగన్నాథరావు గారు దారిలో జీపు ఆపి ఆమెను ఫొటో తీశారు. దాన్ని 'మాత్రలు వాడిన తర్వాత' అనే శీర్షికతో హైదరాబాదు పంపారు.