గడియారం ఎక్కని బస్సు

"బస్సెక్కి పోవచ్చుగా! మన వీధి చివరికి పది నిమిషాలకొకటి వేశానుగా" అన్నాడు ఆయన భార్యతో, కారు తాళం వేలికి తిప్పుకుంటూ.

ఆవిడకి ఒళ్లు మండిపోయింది. మండదూ మరి! ఊళ్లో బస్సులకి టైములు వేయడం ఆయన ఉద్యోగం. ఆఫీసులో అందరూ ఆయన్ని గడియారం అంటారు. ఆ గడియారం మాత్రం తను టైము వేసిన బస్సు ఒక్కటైనా ఎక్కిన పాపాన పోలేదు. ఇంట్లో ఉన్న ఒక్క కారూ ఆయనకే. ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే ఆవిడ స్టాపులో పడిగాపులు కాయాలి.

"వేశారు, వస్తోంది కూడా. ఆగితేగా! చెయ్యెత్తితే డ్రైవరు టాటా చెప్పి పోతున్నాడు. ఇంకొక్కసారి ఆలస్యమైతే రాత్రి డ్యూటీకి మార్చేస్తానంది పెద్ద డాక్టరమ్మ. అప్పుడు పిల్లదాన్ని ఎవరు పడుకోబెడతారు? మీరా?"

"నువ్వు చెయ్యి సరిగ్గా ఎత్తుండవు."

ఆవిడ చేతిలో గరిటె ఉంది. అది పైకి లేచింది. "ఇలాగా ఎత్తాల్సింది?"

గడియారం రెండడుగులు వెనక్కేశాడు. ఈ రోజువారీ గొడవ ఒక్క దెబ్బతో తీరిపోవాలని ఆఫీసుకి పోయి డిపోకి ఫోన్ చేశాడు. "రేపు పొద్దున మా వీధికి కొత్త బస్సు పంపండి. మా ఆవిడ ఎక్కుతుంది. ఆపండి, కూర్చోబెట్టండి, నవ్వండి."

మర్నాడు తళతళలాడుతూ బస్సొచ్చింది. డ్రైవరు కిందికి దిగి మరీ "రండమ్మా" అన్నాడు. ఆవిడ జన్మలో మొదటిసారి డాక్టరమ్మ కంటే ముందు ఆసుపత్రికి చేరింది.

"ఎలా ఉంది?" సాయంత్రం మీసం దువ్వుకుంటూ అడిగాడు.

"అబ్బో, పెళ్లివారి బస్సులా ఉందండీ! అన్నట్టు అది మీ ఆఫీసు ముందు నుంచే పోతోంది. అంత సుఖం నాకొక్కదానికే ఎందుకు? రేపట్నుంచి మీరే ఎక్కండి." తాళం ఆవిడ హ్యాండ్‌బ్యాగులో పడింది.

అది ఉత్తుత్తి బస్సని చెప్పుకుంటే పరువు పోతుంది. చెప్పకపోతే కారు పోతుంది.

పొద్దున్నే స్టాపులో నిలబడ్డాడు. బస్సొచ్చింది. చెయ్యి సరిగ్గానే ఎత్తాడు. బస్సు దుమ్ము కొట్టి పోయింది.

"ఒరేయ్ ఆగరా! నీకు టైము వేసేది నేనేరా!" అని అరిచేశాడు కోపంలో.

స్టాపులో తలలన్నీ ఇటు తిరిగాయి. సంచీ పట్టుకున్న మామ్మ ఒకావిడ దగ్గరికొచ్చి, కళ్లజోడు సర్దుకుని, "నువ్వేనా నాయనా! ఇన్నాళ్లూ ఎక్కడున్నావు?" అంది.

ఇంక చూడాలి! బస్సందక ఉద్యోగం ఊడినవాడు, పరీక్ష తప్పినవాడు, మోకాళ్లు అరిగినవాడు, అందరూ చుట్టుముట్టేశారు. తర్వాతి బస్సుకి అడ్డంగా ఆయన్నే నడిరోడ్డు మీద నిలబెట్టారు. బస్సు చచ్చినట్టు ఆగింది. జనం ఆయన్ని లోపలికి కుక్కారు. ఒక చెప్పు బయటే ఉండిపోయింది.

"స్టాపుల్లో ఎందుకు ఆపవయ్యా?" ఒంటికాలి మీద నిలబడి డ్రైవరు మీద విరుచుకుపడ్డాడు.

డ్రైవరు ఇంతెత్తున లేచాడు. "ఆపితే చెప్పిన టైముకి ఎలా చేరాలండీ? చేరకపోతే మెమో! ఈ చివర నుంచి ఆ చివరికి అరగంటే అని తేల్చిన మహానుభావుడెవరో ఒక్కసారి కనబడితే బాగుండును!"

మహానుభావుడు గబుక్కున మొహం కిటికీ వైపు తిప్పేసుకున్నాడు. ఆ అరగంట ఎలా తేలిందో ఆయనకి తెలుసు. ఆదివారం తెల్లవారుజామున, ఖాళీ రోడ్డు మీద, ఆయన తన కారులో వెళ్లి కొలిచాడు. మధ్యలో జనం ఎక్కుతారు, దిగుతారు అన్న ముక్క బుర్రకే తట్టలేదు. పైగా "జనానికి కార్ల పిచ్చి పట్టింది, అందుకే బస్సులు ఎక్కరు" అని ఆఫీసు మీటింగులో ఉపన్యాసం కూడా దంచాడు.

ఒంటి చెప్పుతో ఆఫీసుకి చేరి, కుర్చీలో కూర్చోకుండానే ఆ బస్సు టైములన్నీ మార్చేశాడు. వారం తిరిగేసరికి బస్సు ప్రతి స్టాపులోనూ ఆగింది. మామ్మ కూడా ఎక్కి కూర్చుంది.

గడియారం ఛాతీ విరుచుకుని ఇంటికొచ్చాడు. "బస్సు బాగుపడింది. ఈసారి నిజంగానే. ఇక నువ్వు హాయిగా ఎక్కొచ్చు. తాళం ఇటివ్వు."

"ఈసారి నిజంగానా? మరి ఆ పెళ్లివారి బస్సు?"

గడియారం నాలిక కరుచుకున్నాడు.

"నాకు ఆ రోజే తెలుసులెండి. డ్రైవరు నవ్వినప్పుడే అనుమానం వచ్చింది." ఆవిడ కూర తరుగుతోంది, కత్తి ఆపలేదు. "అది సరే, ఇది ఎవరు బాగు చేశారు?"

"నేనే!"

"ఇన్నేళ్లూ చెయ్యనిది, ఎప్పుడు చేశారు?"

"అదే... ఎక్కాక."

"మరి దిగితే?"

మర్నాడు పొద్దున ఆవిడ కారు స్టార్ట్ చేసేసరికి, ఆయన అన్నం డబ్బా చంకన పెట్టుకుని స్టాపు వైపు నడుస్తున్నాడు.