మెడలో పుట్టిన సాక్షి

మెడలో అదనంగా ఒక పక్కటెముక లేని మనుషులను చూస్తే నాకు జాలి! ఉత్త మెడతో సంసారం ఎలా నెట్టుకొస్తున్నారో!

నాకుంది. కుడివైపు, మెడ అడుగున, మామూలుగా పక్కటెముకలు మొదలయ్యే చోటికి ఒక మెట్టు పైన. వందమందిలో ఒక్కరికి ఉండటమే గగనమట. మొసలికి మెడలో పక్కటెముకలున్నాయి. కోడికీ ఉన్నాయి. అంత పొడుగు మెడ వేసుకుని తిరిగే జిరాఫీకి మాత్రం లేవు! ఎత్తు చూసుకుని మురిసిపోవడమే తప్ప లోపల సరుకు లేదన్నమాట.

ఇంతకీ ఈ ఎముక ఏం చేస్తుందంటారా? చేతిలోకి దిగే నరాలను నొక్కుతుంది. నేను లెక్కల టీచర్ని. బోర్డు మీద చెయ్యెత్తి రెండు లైన్లు రాసేసరికి వేళ్లు తిమ్మిరెక్కి సుద్దముక్క జారిపోతుంది. ఇలా ఆరేళ్లు.

ఆ ఆరేళ్లూ నాకు దొరికిన వైద్యం ఎంత గొప్పదో!

"చెయ్యి కిందేసుకుని పడుకునుంటావ్" అన్నారు మావారు. "మా రోజుల్లో ఈ తిమ్మిర్లెక్కడివమ్మా!" అన్నారు అత్తగారు. హెడ్మాస్టరుగారు ఇంకా నయం. "బోర్డు కింది సగమే వాడుకోండి టీచర్" అని అనుమతిచ్చారు. కింది సగం వెనక బెంచీలకు కనబడదు. స్టాఫ్‌రూములో వేళ్లు నలుపుకుంటూ ఏడ్చిన రోజులున్నాయి.

చివరికి ఒక డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించింది. ఇంకేముంది! మావారు ఆ ఫిల్మును హాల్లో కిటికీ అద్దానికి టేపుతో అంటించారు. వచ్చినవాళ్లందరికీ దర్శనం. అత్తగారు కళ్లజోడు తెచ్చుకుని చూసి, "అయ్యో తల్లీ, ఇంతెముక పెట్టుకుని ఇన్నాళ్లూ వండిపెట్టావా!" అని కళ్లొత్తుకున్నారు. నా నోరు ఆరేళ్లలో సాధించలేనిది ఆ ఎముక అరపూటలో సాధించింది. వరం కాక మరేమిటి?

ఆ రోజు నుంచి నా ఎడమ చెయ్యి మహారాణి! దాని కింద దిండు. దానికి నూనె మర్దన. దాంతో మంచినీళ్ల గ్లాసు ఎత్తినా ఇంటిల్లిపాదీ పరుగెత్తుకొస్తారు.

ఎడమ చెయ్యేమిటంటారా? శ్రద్ధగా చదువుతున్నారు, సంతోషం. మా ఇంట్లో మీలాంటివారు ఒక్కరున్నా బాగుండేది.

ఫిల్ము అంటే మనకెదురుగా నిలబడ్డ మనిషి. చూసేవారికి ఎడమవైపు కనిపించేది నా కుడివైపు. ఈ మాట బొమ్మ గీసి మరీ మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి నిన్న పొద్దున, కుళాయి దగ్గర.

"నొప్పి కుడి చేతికండీ!"

మావారు పాపం కొట్టిపారేయలేదు. లోపలికి వెళ్లి, కిటికీ ముందు నిలబడి, ఫిల్మును మరోసారి పరీక్షగా చూసి వచ్చారు.

"నీకలా అనిపిస్తోందంతే. ఎముక క్లియర్‌గా ఎడమవైపే ఉంది" అంటూ, నిండు బకెట్టు ఎంతో జాగ్రత్తగా నా కుడిచేతికి అందించారు.