కళాయి సాయిబు కలిమి

సైదా కాలేజీ స్కాలర్‌షిప్పుకు కావలసిన కాగితాల్లో మార్కుల జాబితా వచ్చింది, టీసీ వచ్చింది. తండ్రి ఆదాయం ఇంత అని రెవిన్యూ ఇన్‌స్పెక్టరు రాసిచ్చే సర్టిఫికెట్టు ఒక్కటే మిగిలింది. ఈరోజు ఆయన ఇంటికొచ్చి విచారించి రాసిస్తాడు, రేపు తొలి బస్సుకు ఆదోని వెళ్ళి కాలేజీలో ఇచ్చేయడమే. రేపే ఆఖరి రోజు. ఎమ్మిగనూరు కళాయి సాయిబు జహంగీర్ కూతురి కోసం పొద్దున్నే వేసుకున్న లెక్క ఇది. లెక్కలో లోపమేమీ లేదు. లోపమంతా ఇంట్లో ఉన్న గిన్నెలతో వచ్చింది.

ఆ గిన్నెలు సి.బెళగల్ రెడ్డిగారివి. పెళ్ళి వంటకోసం గంగాళాలు, బోగాణీలు, చెంబులు బండెడు పంపారు. జహంగీర్ తగరం కరిగించి వాటికి కళాయి పూసి, వాన భయానికి ఇంట్లోకి చేర్చాడు. ఉన్నది ఒంటి గది. మనుషులు తలుపు దగ్గర సర్దుకుంటే, గిన్నెలు ధగధగలాడుతూ ఇల్లంతా కూర్చున్నాయి.

సర్కారు మనిషి జీపులో వస్తాడని జహంగీర్ ఉతికిన చొక్కా వేసుకుని పెద్దరోడ్డు మీద నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరు మున్వర్ సాహెబు జీపులో రాలేదు. చెప్పి వెళ్తే జనం లేని పేదరికం తెచ్చిపెట్టుకుంటారని ఆయన అనుభవం. టోపీ పెట్టుకుని, అత్తరు రాసుకుని, వెనక సందులోంచి ఒక్కడే వచ్చి, గడపలో బియ్యం ఏరుతున్న పక్కింటి ఉచ్చీరమ్మను అడిగాడు.

"జహంగీర్ ఇల్లు యాడమ్మా? పాప బాగా సదువుకునిందంట. ఇంటి పరిస్థితి ఎట్లుంటాది?"

టోపీ, అత్తరు, పిల్ల మాట, ఇంటి పరిస్థితి. పెళ్ళి సంబంధమని ఉచ్చీరమ్మకు వేరే చెప్పాలా? ఎవరి పిల్ల కోసం ఎవరొచ్చి అడిగినా ఆ ఇంటిని ఒక మెట్టు ఎత్తి చెప్పడం ఆ వీధి కట్టుబాటు. ఉచ్చీరమ్మ కూతురి సంబంధమప్పుడు జహంగీర్ భార్య రహమత్ బీ వాళ్ళకు లేని ఎద్దుల జత పుట్టించింది మరి.

"వాళ్ళకేం తక్కువ సామీ. పొద్దు పొడిస్తే చేతి నిండా పనే."

ఎదురింటి గోవిందన్న అరుగు దిగి వచ్చాడు. ఆయనకు ఒక్క మెట్టు చాలదు. "ఆస్పరి తట్టు చేను గూడా ఉండాది సార్. నల్లరేగడి. ఆయప్ప బయటికి సెప్పుకోడు."

ఈలోగా ఉచ్చీరమ్మ పెరటి దారిన లోపలికి ఉరికింది. "సంబంధమోళ్ళు వచ్చినారక్కా. గిన్నెలు యెవరివంటే మావే అను. యేం పోతాది."

రహమత్ బీ తెర వెనక నిలబడిపోయింది. ఇన్‌స్పెక్టరు జీపులో కదా రావాలి. "ఇవన్నీ మీవేనా తల్లీ?" అని మున్వర్ సాహెబు అడిగితే ఔననలేదు, కాదనలేదు. తెర సందులోంచి రెడ్డిగారి చెంబుతోనే మంచినీళ్ళు అందించింది.

ఆయన నీళ్ళు తాగి, సంచిలోంచి కాగితం, సీలు తీశాడు. అప్పటికిగాని వీధికి సంగతి తెలియలేదు.

"అంతా అబద్ధం సామీ. వాళ్ళకు తినేదానికే ల్యా" అని ఉచ్చీరమ్మ ఏడ్చింది.

"సీలు సూసినాక అందరూ ఇట్లే అంటారమ్మా" అన్నాడాయన నెమ్మదిగా, సర్టిఫికెట్టు రాసి సీలు వేస్తూ.

జహంగీర్‌కు కబురు అంది బస్టాండుకు పరుగెత్తేసరికి మున్వర్ సాహెబు బస్సు మెట్టు మీద ఉన్నాడు. "ఆ గిన్నెలు పెండ్లోళ్ళవి సాబ్. నేను కళాయి పూసేవాణ్ణి, అంతే."

"ఇన్నేండ్ల సర్వీసులో ఉన్నదున్నట్టు సెప్పిన వీధి మీదొక్కటే, జహంగీర్. వాళ్ళని అబద్ధాలోళ్ళని చెయ్యొద్దు." బస్సు కదిలింది.

మర్నాడు ఆదోని కాలేజీ గుమాస్తా ఆదాయం చూశాడు. అది పరిమితికి మూడింతలుంది. కాగితాలన్నీ తిరిగి చేతిలో పెట్టాడు. స్కాలర్‌షిప్పు లేకపోతే హాస్టలు లేదు, హాస్టలు లేకపోతే చదువు లేదు. తిరుగు బస్సులో సైదా కిటికీ వైపు తిరిగి ఏడుస్తుంటే జహంగీర్ చూడనట్టు కూర్చున్నాడు. శత్రువులు చెడగొడితే కడుపారా తిట్టుకోవచ్చు. బిడ్డ మేలు కోరి ఆడిన అబద్ధాలు బిడ్డ చదువు తీసేస్తే ఎవరిని తిట్టాలి?

నెల తిరక్కముందే మున్వర్ సాహెబు మళ్ళీ వచ్చాడు. ఈసారి చేతిలో మిఠాయి పొట్లం ఉంది. నిజాయితీగల వీధి, కలిగిన ఇల్లు, చదువుకున్న పిల్ల. చెల్లెలి కొడుక్కు అడుగుదామని నిజంగానే సంబంధానికి వచ్చాడు. గదిలో ఒక మూల సొట్టల అల్యూమినియం గిన్నె ఒకటుంది. వాకిట్లో తండ్రి కొలిమికి సైదా తిత్తితో గాలి కొడుతోంది.

"గిన్నెలు యాడ?"

"పెండ్లి అయిపోయింది కదా సాబ్. ఎవురివి వాళ్ళకు పోయినాయి" అన్నాడు జహంగీర్.

మున్వర్ సాహెబు గడపలోనే కూర్చున్నాడు. సంబంధం మాట ఎత్తలేదు. సంచి విప్పి, కొత్త సర్టిఫికెట్టు రాసి, సీలు వేసి సైదాకు ఇచ్చాడు.

"గడువు దాటిపోయింది సాబ్" అంది సైదా.

"తెలుసు తల్లీ" అన్నాడాయన, తల ఎత్తకుండానే. మిఠాయి పొట్లం అక్కడే వదిలి వెళ్ళిపోయాడు.

ఆయన సందు మలుపు తిరిగాక ఉచ్చీరమ్మ బయటికి వచ్చింది. "ఈసారి నేను నోరు తెరిస్తే ఒట్టన్నా. ఏమన్నాడు ఆ సాయిబు?"

జహంగీర్ కొలిమిలో బొగ్గులు వేశాడు. "మనం పేదోళ్ళమని ఒప్పుకున్నాడమ్మా."