జ్వరం లేదని గుంజ చెప్పింది

మనిషి చెయ్యంత అబద్ధాలకోరు ఈ లోకంలో మరొకటి లేదు! బల్ల గుద్ది చెబుతున్నాను. అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి "ఒళ్ళు కాలిపోతోందిరా" అంటే, నమ్మేసి మూడు రోజులు లంఖణం చేసి పడుకున్న తరం మనది. ఎంత అనాగరికం! ఎన్ని డిగ్రీలు కాలిందో ఆ తల్లి ఏనాడైనా చెప్పిందా?

ఆ చీకటి రోజులు పోయాయి. పంతొమ్మిది వందల ఇరవై నాలుగులో మా ఏజెన్సీ కొండల్లోకి కూడా థర్మామీటరు వచ్చేసింది. నేను జి.మాడుగుల పైన వేస్తున్న కొండ రోడ్డు పనికి గుమాస్తాని. మా ఓవర్సీరు గణపతిరావు గారు, గోడకు తగిలించే రకం థర్మామీటరుని దూదిలో చుట్టి, ఎడ్లబండిలో ఒళ్ళో పెట్టుకుని మరీ తెచ్చారు. గుడారం ముందు గుంజకు కట్టారు. తొంభై తొమ్మిది దగ్గర ఎర్రసిరాతో గీత గీశారు. పాదరసం గీత దాటితే జ్వరం, ఆ పూటకి పని మాఫీ. దాటకపోతే రాళ్ళు కొట్టాలి. ఇంతకన్నా ధర్మం ఎక్కడుంది?

"జ్వరం చూడాలంటే గాజు ఒంటికి తగలాలి కదా?" అని మీలో తెలివైనవారు అడుగుతారు. అడగండి! తగిలించాలంటే కొండవాళ్ళని ముట్టుకోవాలి. ముట్టుకుంటే ఓవర్సీరు గారు మళ్ళీ స్నానం చెయ్యాలి. ఈ కొండల్లో తెల్లారగట్ల చన్నీళ్ళ స్నానమంటే మాటలా? అందుకని జ్వరం వచ్చినవాడే వచ్చి గుంజ పక్కన అర నిమిషం నిలబడాలని రూలు పెట్టారు.

హాజరు తెల్లవారగానే. బయట మంచు కురుస్తూ ఉంటుంది. పాదరసం అరవై రెండు దగ్గర ముడుచుకుని కూర్చుంటుంది. మొదటి నెలలో ఇరవై ఏడుగురు గుంజ పక్కన నిలబడ్డారు. ఒక్కరికైనా జ్వరం ఉంటేనా! ఏజెన్సీలో చలిజ్వరాలని గోల పెట్టే డాక్టర్లు వచ్చి మా హాజరు పుస్తకం చూడాలి.

ఓవర్సీరు గారు శాస్త్రం కూడా బోధిస్తారు. వేడి వేరు, ఉష్ణోగ్రత వేరు అంటారు. గరిటెడు గంజీ, కుండెడు గంజీ ఒకే డిగ్రీ చూపించవచ్చునట. ఆ లెక్కనే కూలీలకి కుండెడు ఎందుకని గరిటెడే పోయిస్తున్నారు. డిగ్రీలో తేడా లేనప్పుడు ఆకలికి తేడా ఎందుకుంటుంది చెప్పండి?

ఇంత విజ్ఞానం పెరుగుతుంటే అడ్డుపడింది సోములమ్మ. ఆవిడ మొగుడు బుధు మా దగ్గర రాళ్ళు కొడతాడు. దినం విడిచి దినం చలిజ్వరం. ఒకనాటి పొద్దున్నే మొగుణ్ణి నడిపించుకొచ్చి గుంజ పక్కన నిలబెట్టింది.

"బాబూ, పెనం లాగ కాల్తన్నాడు. ఓపాలి సెయ్యెట్టి సూడండి, దణ్ణమెడతాను!"

"చెయ్యెందుకే? గాజు చూడు. అరవై రెండు! మనిషికి ఉండాల్సినదానికన్నా ముప్పై ఆరు తక్కువ. వీడిది జ్వరం కాదు, బద్ధకం," అన్నారు ఓవర్సీరు గారు.

"రేతిరంతా వొణికిపోనాడు బాబూ. ఎండలో పడితే సచ్చిపోతాడు. ఆడు పోతే నానేటి సెయ్యాల?"

గాజు మాత్రం అరవై రెండు దగ్గరే ఉంది. బుధు రాళ్ళ దగ్గరికి పోయాడు.

సోములమ్మకి అంకెలు రావు. గీత మాత్రం తెలుసు. ఏప్రిల్‌లో ఒక మిట్టమధ్యాహ్నం, గుంజ మీద ఎండ నిప్పులు చెరుగుతుంటే, మొగుణ్ణి రెక్క పట్టుకుని తెచ్చి అక్కడే నిలబెట్టింది.

"గీత దాటీసింది! ఇప్పుడేటంటారు?" అని అరిచింది.

అరుపు విని కూలీలు నలభైమందీ గునపాలు పడేసి వచ్చి గుంజ చుట్టూ నిలబడ్డారు. నలభైమందికీ నూట ఆరు! సంగతేమిటో చూద్దామని వచ్చిన ఓవర్సీరు గారికీ నూట ఆరే!

కంగారు పడేవాడు ఓవర్సీరు ఎలా అవుతాడు? ఆయన కలం తీశారు. పాత గీతని గోటితో గీకేశారు. నూట ఇరవై దగ్గర కొత్త గీత గీశారు. "ఇహ దాటదు. పనిలోకి పదండి," అన్నారు. చూశారా, శాస్త్రం ఎంత చప్పున అభివృద్ధి చెందుతుందో!

వారం తిరక్కుండా నాకే వణుకు పుట్టింది. రూలు రూలే కదా, పళ్ళు టకటకలాడుతుంటే వెళ్ళి గుంజ పక్కన నిలబడ్డాను. డెబ్భై రెండు. గణపతిరావు గారు పరుగెత్తుకుంటూ వచ్చారు.

"అక్కడ నిలబడ్డావేమిటయ్యా, పిచ్చివాడా! అది నీక్కాదు!" అంటూ నా నుదుటి మీద చెయ్యి వేశారు. "అయ్యో, కాలిపోతున్నావు!"

ఎన్ని డిగ్రీలో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. గంటలో డోలీ సిద్ధమైంది. దిగువకి మొయ్యడానికి నలుగుర్ని పిలిచారు. అందులో ఒకడు బుధు.

దిగుడులో డోలీ ఊగినప్పుడు నా చెయ్యి జారి అతని వీపుకి తగిలింది. నా ఒళ్ళే కాలుతోంది. ఆ చేతికే అతని వీపు సుర్రుమంది. వెనకాలే సోములమ్మ పరుగెడుతోంది.

"గుమాస్తా బాబూ, ఓపాలి దిగండి. ఆడు తూలిపోతన్నాడు!"

నిజం చెప్పొద్దూ, కొంత దూరం నేను నడవగలను. కానీ రూలు ప్రకారం అతనికి జ్వరం లేదు కదా! నేను చెయ్యి లోపలికి లాక్కుని, దుప్పటి ముసుగు తన్ని పడుకున్నాను.