లుస్‌దారి ముక్కుకు మనసు పరీక్ష

ముక్కు సర్జరీకి ముందు మనసు పరీక్ష పెట్టడం ఏమిటని మన కాలీ నగరంలో కొందరు సణుగుతున్నారు. మతి ఉండే మాట్లాడుతున్నారా! అంతకు మించిన వరం ఇంకోటి లేదని ఘంటాపథంగా చెబుతున్నాను.

పదిహేనో పుట్టినరోజుకి ఆడపిల్లకి కొత్త ముక్కు కానుకగా ఇచ్చే ఊరు మనది. బస్సెక్కితే ఎదుటి సీట్లలో నలుగురికీ ఒకే డాక్టరు చెక్కిన ఒకే ముక్కు! అలాంటి చోట కత్తి పట్టేముందు "అమ్మా, మనసు బాగుందా?" అని అడిగే మనిషి ఉండడం చిన్న సంగతా?

మా వీధి లుస్‌దారినే తీసుకోండి. అలమెద బజారులో పళ్లరసం అమ్ముతుంది. ముక్కు కాస్త వెడల్పు, అచ్చం చనిపోయిన వాళ్లమ్మ ముక్కే. అది చూసే పాతవాళ్లు "ఎర్మిలా కూతురివి కదూ!" అని ఆగి ఓ గ్లాసు తాగి వెళతారు. ఆ ముక్కంటే ఆమెకు ప్రాణం. కిట్టనిదల్లా మొగుడు నోర్బెయ్‌కే. ఆమె నలభయ్యో పుట్టినరోజుకి, అడక్కుండానే ఆపరేషను కానుకగా బుక్ చేసేశాడు.

"నీ మంచికేనే పిచ్చిదానా! ఫొటోల్లో నీకంటే నీ ముక్కే ముందొస్తోంది."

వద్దంటే ఇంట్లో రోజూ రభస. మనసు పరీక్షలో తప్పితే ముక్కు దక్కుతుందని లుస్‌దారి గంపెడాశతో వెళ్లింది. సైకాలజిస్టు డాక్టర్ ఎస్నెదా ఎదుట కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"నా ముక్కుకేం తక్కువ డాక్టరమ్మా? గోలంతా మా ఆయనది. ఆ పరీక్షేదో ఆయనకే పెట్టండి, బయటే కూర్చున్నాడు."

ఎంత అమాయకత్వం! ముక్కు ఆయనది కాదే, ఆయన్నెలా పరీక్షిస్తారు?

డాక్టరమ్మ కళ్లజోడు తీసి జాలిగా చూసింది. "నీ లోపాన్ని నువ్వు ఒప్పుకోలేకపోతున్నావు తల్లీ. 'ఈ ఆపరేషను నా కోసమే' అని నీకే అనిపించాలి. అందాకా నిన్ను కత్తి ముట్టనివ్వను."

ఏం ధర్మం! ఇంకోచోటైతే ఆ పూటే కోసి పంపేవాళ్లు. ఇక్కడ ఎనిమిది వారాలు ఓపిగ్గా మాట్లాడారు. వారం వారం అద్దం ముందు కూర్చోబెట్టి, "ఏం కనిపిస్తోంది?" అని అడిగారు. మొదట్లో "మా అమ్మ" అనేది, మొండిఘటం! మూడో వారానికి "వెడల్పు" అంది. ఐదో వారం నుంచి బజారులో నవ్వొస్తే ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. తెలిసినవాళ్లెవరైనా పలకరిస్తే తల వంచుకుని గ్లాసులు కడుక్కుంటోంది. చూశారా, ఎంత పురోగతో!

ఎనిమిదో వారం లుస్‌దారి డాక్టరమ్మ చేతులు పట్టుకుని బావురుమంది.

"ఇన్నాళ్లూ ఈ మొహంతో జనంలో ఎలా తిరిగానమ్మా? తొందరగా చేయించెయ్యండి. ఒట్టు, నా కోసమే!"

డాక్టర్ ఎస్నెదా తృప్తిగా కాయితం మీద ముద్ర వేసింది: మానసికంగా సంపూర్ణ ఆరోగ్యవంతురాలు.